బావిలో వుంటేనే బొక్కెనలోకి

మేడ్చల్, శామీర్‌పేట వైపు కొత్తగా యిల్లు కట్టుకున్నవారు మోటారు దుకాణంలో అడుగు పెట్టగానే అడిగే మొదటి ప్రశ్న, "ఎన్ని హార్సుపవర్లది వుంది?" అని. పక్కింటివారు ఒకటిన్నర పెడితే మనం రెండు పెట్టాలి! పెళ్ళివారి లాంఛనాల్లో యీ పోటీ చెల్లుతుందేమోగాని, నీళ్ళ దగ్గర చెల్లదు సుమండీ.

ఆ ప్రాంతమంతా గ్రానైటు రాతినేల. నీరు పైనున్న మెత్తటి పొరలోనూ, కింద రాతి పగుళ్ళలోనూ దాగి వుంటుంది. ఒక బోరు పొంగుతుంటే పది గజాల అవతల వేసినది దుమ్ము కక్కవచ్చు. కనుక పంపు కొనేముందు మీ బోరు శక్తి తెలుసుకోండి. అద్దె మోటారు దించి కొన్ని గంటలు తోడించండి. నీటిమట్టం దిగి ఒకచోట నిలిచాక, 200 లీటర్ల డ్రమ్ము ఎంతసేపట్లో నిండిందో చూడండి. 8 నిమిషాలు పడితే గంటకు 1,500 లీటర్లన్నమాట. అంతకు మించి లాగే పంపు పెడితే బోరు ఖాళీ అవుతుంది. మోటారు వట్టిగా తిరిగి కాలిపోతుంది. ఈ పరీక్ష మే నెలలో చేస్తే మరీ మంచిది.

తరువాత ఎత్తు. తోడేటప్పుడు నీరు నిలిచే మట్టం నుంచి మేడమీది ట్యాంకు దాకా కొలవాలి. నీరు 60 మీటర్ల లోతున, ట్యాంకు 10 మీటర్ల ఎత్తున వుంటే, గొట్టంలో రాపిడికి మరో 10 కలిపి 80 మీటర్లు. గంటకు 1,000 లీటర్లను అంత ఎత్తుకు ఎక్కించడానికి నికరంగా కావలసింది సుమారు 220 వాట్లే. పంపు తన శక్తిలో మూడోవంతే పనికి మార్చినా ఒక హార్సుపవరు, అంటే 746 వాట్లు, చాలు.

పెట్టెమీద రాసిన గరిష్ఠ ఎత్తు, గరిష్ఠ నీరు రెండూ ఒకేసారి దొరకవు. ఎత్తు పెరిగినకొద్దీ నీరు తగ్గుతుంది. "80 మీటర్ల దగ్గర గంటకు ఎన్ని లీటర్లు?" అని అడిగి, పట్టిక చూపించమనండి.

సంపు నుంచి మేడకు ఎక్కించడానికయితే అర హార్సుపవరు మోనోబ్లాకు చాలు. కాని నేలమీద పెట్టే అలాంటి పంపు 7 మీటర్ల లోతు దాటితే నీటిని పీల్చలేదు. లోతైన బోరుకు సబ్‌మెర్సిబుల్ దించవలసిందే.

కోళ్ళఫారమో, నర్సరీయో పెట్టి రోజుకు 10,000 లీటర్లు కావాలంటారా? పై బోరే అయితే 7 గంటలు నిదానంగా తోడితే వస్తాయి. డబ్బు పెద్ద తొట్టికి పెట్టండి. మిగిలితే యింటి కప్పుమీది వాననీరు దిగేలా ఒక ఇంకుడుగుంత తవ్వించండి. ఎంత ఖరీదైన మోటారయినా వున్న నీటిని పైకి తెస్తుందేగాని, లేని నీటిని పుట్టించదు గదా!