మాంటిస్సోరి బోర్డు చూసి కాదు, సంపు మూత చూసి చేర్చండి



2025వ సంవత్సరం మన తమిళనాడులో చిన్నపిల్లల బడుల విషయంలో చెడ్డగా మొదలైంది. జనవరి 3న విళుప్పురం జిల్లా విక్రవాండిలో ఒక ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ పాప సెప్టిక్ ట్యాంకులో పడి చనిపోయింది. ట్యాంకు మీది ఇనుప మూత తుప్పు పట్టి ఉందని పత్రికల్లో వచ్చింది. నాలుగు నెలలు తిరగకముందే, ఏప్రిల్ 29న, మదురైలో ఒక ప్లే స్కూల్లో నాలుగేళ్ళ పాప నీళ్ళ సంపులో పడి పోయింది. ఆ పిల్లలు అల్లరి చేశారనడానికి కూడా లేదు. పిల్లలు నడిచే చోట నడిచారు, అంతే.

మన బడిలో ఒకటో తరగతిలో చేరే పిల్లల్లో చాలామంది అంతకుముందు రెండు మూడేళ్ళు ఏదో ఒక మాంటిస్సోరిలో గడిపి వస్తారు. హోసూరు చుట్టుపక్కల వీధికో బోర్డు కనిపిస్తోంది. కాబట్టి ఇది మన సంగతే.

ముందు ఆ పేరు గురించి. మరియా మాంటిస్సోరి ఇటలీ దేశపు డాక్టరమ్మ. 1907 జనవరి 6న రోము నగరంలో శాన్ లొరెంజో అనే కూలీల పేటలో మొదటి పిల్లల ఇల్లు తెరిచింది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల ఇక్కడే ఉండిపోయి, కొంతకాలం కొడైకెనాల్‌లో కూడా పిల్లలతో పనిచేసింది. అంటే ఆమె పద్ధతి మన రాష్ట్రానికి కొత్తదేమీ కాదు. కానీ ఆ పేరు మీద హక్కు ఎవరిదీ కాదు. ఎవరైనా బోర్డు రాయించుకోవచ్చు. మూడేళ్ళ పిల్లల్ని వరుసల్లో బెంచీల మీద కూర్చోబెట్టి, నాలుగు గీతల నోటుబుక్కులో ఏబీసీడీలు దిద్దిస్తుంటే, బోర్డు ఏం చెప్పినా అది మాంటిస్సోరి కాదు.

క్రమశిక్షణ గురించి ఆమె చెప్పింది మనవాళ్ళకు ఇబ్బందిగానే ఉంటుంది. బహుమతీ వద్దు, శిక్షా వద్దు అంది. అలాగని పిల్లల్ని ఊరికే వదిలెయ్యమనలేదు. పక్కవాడిని గిల్లే పిల్లవాణ్ణి ఆపాల్సిందే. ఆపి, వేరే కుర్చీలో, మిగతావాళ్ళు పని చేసుకోవడం కనిపించేలా, వాడికి ఇష్టమైన వస్తువులిచ్చి కూర్చోబెట్టేవారు. అలాగే నిజమైన గాజు గ్లాసు చేతికిస్తారు. ప్లాస్టిక్ గ్లాసు పడేస్తే చప్పుడే, గాజుదైతే పగులుతుంది. రెండోసారి వాడే రెండు చేతులతో పట్టుకుంటాడు, మనం అరవక్కర్లేదు.

మన దగ్గరేమో తల్లిదండ్రులే వచ్చి "మాట వినట్లేదు సార్, రెండు తగిలించండి" అంటారు. మొక్కై వంగనిది మానై వంగునా అని సామెత కూడా చెప్తారు. మొక్కను వంచడానికి కర్రతో కొట్టిన రైతును నేనింతవరకు చూడలేదు. తాడు కట్టి మెల్లగా వంచుతారు, రోజూ చూసుకుంటారు.

చట్టం సంగతి కొంచెం చిక్కు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. అయితే ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలది. అందరికన్నా చిన్నవాళ్ళు, ఇంటికొచ్చి జరిగింది చెప్పడం కూడా రాని మూడు నాలుగేళ్ళవాళ్ళు, దాని బయటే ఉండిపోయారు. ఇంకొకటి, మనలాంటి మైనారిటీ బడులకు ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2025 సెప్టెంబరులో అదే కోర్టులో ఇద్దరు జడ్జీలు ఆ తీర్పు సరైనదేనా అని సందేహం వెలిబుచ్చి, పెద్ద బెంచి చూడాలన్నారు. భాషను కాపాడుకోవడానికి వచ్చిన హక్కు బెత్తం పట్టుకోవడానికి పనికొస్తుందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. పిల్లల సంరక్షణ చేతిలో ఉన్న ఎవరైనా వాళ్ళను హింసిస్తే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షను కింద నేరమే. దానికి మైనారిటీ, మెజారిటీ తేడా లేదు.

ప్రైవేటు ప్లే స్కూళ్ళకు జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాలున్నాయి. మూడేళ్ళు నిండనివాళ్ళను చేర్చుకోకూడదు. 20 మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండాలి. రోజుకు మూడు నాలుగు గంటలకు మించి నడపకూడదు. మీరు వెళ్ళినప్పుడు టీచర్లను కాదు, ఆయాలను లెక్కపెట్టండి. ఆయా వంటగదిలోనో గేటు దగ్గరో ఉంటే ఆ లెక్కలోకి రాదు.

1907 నాటి శాన్ లొరెంజోలో పిల్లల్ని స్నానం చేయించి, శుభ్రమైన బట్టలు తొడిగి పంపాలని, తల్లి వారానికొకసారైనా టీచరుతో మాట్లాడాలని నియమం గోడకు అంటించి ఉండేది. కూలికి వెళ్ళే తల్లులకే ఆ నియమం పెట్టారు. మనమేమో జ్వరానికి సిరప్ పోసి వ్యాన్ ఎక్కిస్తాం. నోట్లో, చేతులకు, కాళ్ళకు బొబ్బలొచ్చే జబ్బు, ఇక్కడ తక్కాళి జ్వరం అంటున్నది, ఉమ్మితోనూ, ముట్టుకున్న వస్తువులతోనూ ఒక్క వారంలో తరగతంతా పాకుతుంది. మాంటిస్సోరిలో ఒకే పూసల దండను పదిమంది పట్టుకుంటారు కాబట్టి ఇంకా త్వరగా. ఆ వారం పది రోజులు ఇంట్లో ఉంచండి. లంచ్ బాక్సులో శెనక్కాయ గింజలు, గుండు ద్రాక్షలు అలాగే పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

నిప్పు విషయం మన రాష్ట్రంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. 2004 జులై 16న కుంభకోణంలో బడి వంటింటి మంట పూరి కప్పుకు అంటుకొని 94 మంది పిల్లలు పోయారు. ఇప్పుడు అలాంటి కప్పులు లేవు, కానీ ఇంటి మేడ మీద నడిచే ప్లే స్కూళ్ళున్నాయి. కింద గ్యాస్ సిలిండరు, పైన నలభై మంది పిల్లలు, దిగడానికి ఒకే మెట్లు. గేటుకు తాళం ఉండాలి, లేకపోతే పిల్లలు రోడ్డు మీదికి పోతారు. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందని అడగండి. జవాబు వెంటనే రాకపోతే అక్కడే ఆలోచించండి.

పెద్ద తరగతుల పిల్లలూ, సాయంత్రం తమ్ముణ్ణో చెల్లెల్నో తీసుకొచ్చేది చాలాసార్లు మీరే. వ్యాన్ వెనక నిలబడొద్దు. వాళ్ళు ఏదైనా టీచరు గురించి భయంగా మాట్లాడితే నవ్వి వదిలెయ్యకుండా అమ్మకు చెప్పండి.

"లోపలికి పేరెంట్స్‌ను అనుమతించం" అనే బడిలో ఫీజు కట్టకముందే వెనక్కి వచ్చెయ్యమంటాను. మన బడి మాటా అంతే. మన సంపు, మరుగుదొడ్ల ట్యాంకు, మెట్లు, మందుల పెట్టె చూడదలచినవారు ఏ శనివారమైనా ఉదయం 10 నుంచి 12 లోపు రావచ్చు. ఆఫీసులో అడిగితే అటెండరు వెంట వచ్చి మూతలు తెరిచి చూపిస్తాడు.