జార్జియా టామ్‌కు తలుపు వేసిన మందిరాలు

'ప్రెషస్ లార్డ్, టేక్ మై హ్యాండ్' పాటను మన యువతలో చాలామంది వినే ఉంటారు. ఆ పాట రాసిన థామస్ ఎ. డోర్సీ అంతకు కొన్నేళ్ల ముందు ఎక్కడ పియానో వాయించేవారో చెబితే మాత్రం మన పెద్దల్లో కొందరు ముఖం చిట్లిస్తారు.

డోర్సీ 1899లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం, విల్లా రికాలో ఒక నల్లజాతి బాప్టిస్టు బోధకుడి ఇంట పుట్టారు. బోధ కూడు పెట్టదు కాబట్టి తండ్రి పరాయి భూమిలో పాలికి సేద్యం చేసేవాడు. కొడుకు పియానో పట్టుకుని షికాగో చేరాడు. 1924లో గాయని మా రైనీ బృందానికి పియానిస్టు అయ్యాడు. 1928లో గిటారిస్టు టాంపా రెడ్‌తో చేసిన 'ఇట్స్ టైట్ లైక్ దట్' రికార్డు విపరీతంగా అమ్ముడుపోయింది. ద్వంద్వార్థాల పాట అది, సమర్థించాల్సిన పని లేదు. అప్పట్లో ఆయన పేరు జార్జియా టామ్.

అదే కాలంలో ఆయన ప్రభువు పాటలూ రాసి, అచ్చు వేయించి, సంఘకాపరుల దగ్గరికి తీసుకెళ్లారు. మంచి మంచి మందిరాల్లోంచే తనను గెంటేశారని తర్వాత ఆయనే చెప్పుకున్నారు.

ఎందుకు గెంటారు? ఈ పాటల మాటల్లో బూతు లేదు, సిద్ధాంత దోషమూ లేదు. అభ్యంతరమంతా ఆ బాణీ మీద, ఆ చప్పట్ల మీద. షికాగోలో స్థిరపడిన నల్లవారి పెద్ద సంఘాలు ఐరోపా కీర్తనలు పాడుతూ మర్యాద సంపాదించుకుంటున్నాయి. దక్షిణాది పత్తిచేల నుంచి వలస వచ్చిన కూలీల గొంతు అక్కడ వినిపిస్తే వారికి నామోషీ. సాతాను సంగీతం అన్న మాట వెనుక ఉన్నది ఈ నామోషీయే అని మా అభిప్రాయం. ఆరాధనలో డప్పు వద్దనే మనవాళ్లు చెప్పే కారణాలు దీనికి ఎంతో దూరంలో లేవు.

1932 ఆగస్టులో డోర్సీ సెయింట్ లూయిస్‌లో కూటాలకు వెళ్లినప్పుడు టెలిగ్రాం వచ్చింది. భార్య నెట్టీ కాన్పులో చనిపోయింది. పుట్టిన బిడ్డా దక్కలేదు. దేవుడు తనకు అన్యాయం చేశాడనుకుని, మళ్లీ బ్లూస్‌కే పోదామనుకున్నారు. కొన్నాళ్లకు పియానో ముందు కూర్చుంటే, పాత కీర్తన బాణీ ఒకటి ఆధారంగా ఈ పాట వచ్చింది. అందులో ఆయన బ్లూస్‌ను వదిలేయలేదు. ఆ సాగదీత, ఆ మూలుగు అలాగే ఉన్నాయి. ఆ ఏడాదే పిల్‌గ్రిమ్ బాప్టిస్టు చర్చి గాయక బృందం ఆయన చేతికొచ్చింది. దశాబ్దాల పాటు ఆయనే నడిపారు.

1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ మెంఫిస్‌లో ఉన్నారు. సమ్మెలో ఉన్న పారిశుధ్య కార్మికుల కోసం వెళ్లారు. మోటెల్ బాల్కనీలో నిలబడి, కింద ఉన్న శాక్సోఫోన్ కళాకారుడు బెన్ బ్రాంచ్‌తో, ఆ రాత్రి సభలో ఈ పాట వాయించమనీ, బాగా వాయించమనీ చెప్పారు. అంతలోనే తూటా తగిలింది. ఆయన అంత్యక్రియల్లో ఆ పాటను మహలియా జాక్సన్ పాడింది. ఒకప్పుడు డోర్సీ పాటలను షికాగో వీధి మలుపుల్లో నిలబడి పాడి వినిపించిన గాయని ఆమె.