మూత తీసి చూసినంకనే

సంక్రాంతికి బీబీపేటలో అక్క ఇంటికి వెళ్తే మేనల్లుడు గడపలోనే పట్టుకున్నాడు. "మామా, కంప్యూటర్ పనైపోయింది. గేమ్ పెట్టిన పది నిమిషాలకు ఆగి ఆగి నడుస్తున్నది. మొత్తం మార్చాలె." అప్పటికే ఒక షాపుకు మోసుకెళ్లాడట. అక్కడ మూత కూడా తీయకుండా, ఎనిమిదేండ్ల సిస్టమ్ ఇంకేం పనికొస్తదని చెప్పి, 85 వేలకు కొత్తదాని కొటేషన్ రాసి చేతిలో పెట్టారు. దుబాయిలో ఉన్న బావ ఆ కాగితం ఫొటో చూసి, రెండు మూడు నెలల్లో సర్దుతానన్నాడు. అక్క ఏమీ మాట్లాడలేదు. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూనే ఉంది.

ఆ కాగితం చూస్తే నాకు కోపమొచ్చింది. పిల్లవాడు ఆటకు డబ్బు అడిగాడని కాదు. వాడు ఆడతాడు, ఆ మిషన్ మీదే వీడియోలు ఎడిట్ చేస్తాడు, డిగ్రీ ప్రాజెక్టు కూడా దాని మీదే చేశాడు. ఆడుకోవడం తప్పని నేను ఎన్నడూ అనను. నా బాధంతా మూత తీయకుండా తీర్పు చెప్పినందుకే.

మా దిక్కు బోరు నీళ్లు తగ్గితే ఎవరూ ఉరికిపోయి కొత్త మోటరు తేరు. ముందు స్టార్టర్ దగ్గర నిలబడి వోల్టేజీ ఎంతుందో, మోటరు ఎన్ని ఆంప్స్ లాగుతుందో చూస్తారు. పైపు ఎక్కడన్నా పగిలిందా, వైండింగ్ పోయిందా, లేక బోరులోనే నీళ్లు అడుగంటాయా? నీళ్లు లేని బోరులో ఐదు హెచ్‌పీ మోటరు తీసి ఏడున్నర దించితే ఏమొస్తుంది? కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి ఈ తెలివిని మనం ఇంటి బయటే వదిలేస్తున్నాం.

వాడి సిస్టమ్ 2018లో కొన్నది. ఇంటెల్ ఐ5-8400 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఒక టీబీ హార్డ్ డిస్క్, ఎన్విడియా జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు. ఆ కార్డు మార్కెట్లోకి వచ్చింది 2016 జులైలో. అదే ఏడు అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా అయింది, దోమకొండ నుంచి విడిపడి బీబీపేట మండలమైంది. కార్డు, మండలం ఒక్క ఈడువి. పదేళ్లకు మండలం ముసలిదైందని ఎవరూ అనరు గానీ, చిప్పుల లోకంలో పదేళ్లంటే తక్కువేం కాదు. అందుకే వాడి అనుమానాన్ని నేను కొట్టిపారేయలేదు.

వాడు చెప్పిన మాటలోనే ఒక గుర్తు ఉంది. "పది నిమిషాలకు" అన్నాడు. కార్డుకో ప్రాసెసర్‌కో సత్తువ చాలకపోతే గేమ్ మొదటి నిమిషం నుంచే ఈడ్చుకుంటూ నడవాలి. మొదట బాగా నడిచి తర్వాత చతికిలపడిందంటే ముందు అనుమానించాల్సింది వేడిని. టెంపరేచర్ చూపే ఉచిత ప్రోగ్రామ్ ఒకటి వేసి గేమ్ పెట్టమన్నాను. తొమ్మిదో నిమిషానికి ప్రాసెసర్ 97 డిగ్రీలకు చేరింది. వంద దరిదాపుల్లోకి వస్తే ఆ చిప్పు కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. వాడి గేమ్ ఆగేది అక్కడే.

కరెంటు తీసేసి మూత విప్పాం. ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద, అల్యూమినియం రేకుల సందుల్లో మెత్తటి గోధుమరంగు దుమ్ము అట్టకట్టుకుని ఉంది. మామూలు దుమ్ము బూడిద రంగులో ఉంటుంది. ఇది వేరు. వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే పొగాకు వాసన. ఎనిమిదేళ్లుగా అక్క ఆ గదిలోనే, కింద పెట్టిన ఆ సీపీయూకి మూరెడు దూరంలో కూర్చుని బీడీలు చుట్టింది. చాటలోంచి లేచిన తంబాకు పొడిని ఫ్యాన్ రోజూ లోపలికి లాక్కుంది. ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని, పెయింటు బ్రష్‌తో మెల్లగా దులిపాం. పరిచిన పేపరు మీద గుప్పెడు రాలింది. ప్రాసెసర్ మీది థర్మల్ పేస్టు ఎండిన సున్నంలా పెళ్లలుగా ఊడింది. తుడిచి కొత్తది పెట్టాం.

అక్క లేచొచ్చి పేపరు మీది కుప్పను చాలాసేపు చూసింది. "గిదంత నేను గూడ పీలుస్తున్నట్టే గద తమ్మీ" అన్నది. నా దగ్గర జవాబు లేదు.

మళ్లీ బిగించి గేమ్ పెడితే అరగంటైనా 74 డిగ్రీలు దాటలేదు. ఆగి ఆగి నడవడం పోయింది. దీనికి ఖర్చైంది థర్మల్ పేస్టు గొట్టం ఒక్కటే.

అయినా అంతటితో అయిపోలేదు. గేమ్‌లో కొత్త చోటికి వెళ్లినప్పుడల్లా బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోతున్నది. టాస్క్ మేనేజర్ తెరిస్తే, 8 జీబీ మెమరీ దాదాపు నిండింది, హార్డ్ డిస్క్ వంద శాతం దగ్గర కొట్టుకుంటున్నది. మెమరీ చాలనప్పుడు కంప్యూటర్ డిస్కును ఆసరా చేసుకుంటుంది, తిరిగే పళ్లెం ఉన్న పాత డిస్కు ఆ వేగాన్ని అందుకోలేదు. పైగా ఉన్నది ఒక్కటే ర్యామ్ కడ్డీ. రెండు ఉంటే ప్రాసెసర్ రెండు దారుల నుంచి తోడుకుంటుంది. అందుకే రెండో కడ్డీ, తిరిగే పళ్లెం లేని ఎస్ఎస్‌డీ డిస్కు ఒకటి, ఈ రెండూ కావాలని తేలింది.

మరి కార్డు? దానికీ పరీక్ష ఉంది. గేమ్ రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించి చూడాలి. ఫ్రేములు బాగా పెరిగితే కార్డే వెనక పడుతున్నట్టు. ఏమీ పెరగకపోతే ఆపుతున్నది ప్రాసెసర్, అప్పుడు ఎంత పెద్ద కార్డు తెచ్చినా దండగే. వాడి దాంట్లో ఫ్రేములు బాగానే పెరిగాయి. అంటే కార్డే ముందు అలిసిపోతున్నది. కానీ వాడు ఆడేది వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2, జీటీఏ 5. సెట్టింగులు కొంచెం తగ్గిస్తే ఇవన్నీ ఆ కార్డు మీద సాఫీగా నడుస్తాయి.

గేమ్ నెమ్మదించడం వేరు, తలుపే మూసుకుపోవడం వేరు. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్, 2025 మేలో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్, ఈ రెండింటికీ రే ట్రేసింగ్, అంటే వెలుతురు కిరణాల దారిని లెక్కగట్టి బొమ్మ గీసే పని, చేయగల కార్డు తప్పనిసరి. సెట్టింగులు ఎంత దించినా 1060కి అవి అందవు. ఆ వరుస కార్డులకు కొత్త గేముల కోసం డ్రైవర్లు ఇవ్వడం కూడా ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది, భద్రతా అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబరు దాకా ఇస్తానంది. అదే 2025 అక్టోబరు 14తో విండోస్ 10కీ మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. అది చూపించి ఎంతోమందికి కొత్త కంప్యూటర్లు అంటగడుతున్నారు. ఇంటెల్ ఎనిమిదో తరం నుంచి విండోస్ 11 పడుతుంది, వాడిది సరిగ్గా ఎనిమిదో తరమే. బయాస్‌లోకి వెళ్లి టీపీఎం అనే భద్రతా ఏర్పాటును ఆన్ చేస్తే సరిపోయింది. ఏడో తరం వాళ్లలో చాలామందికి మాత్రం ఈ దారి లేదు, వాళ్ల కష్టం నిజమైనదే.

వాడిని ఒక్కటే అడిగాను. "నువ్వు తప్పకుండ ఆడాలనుకునే గేమ్, దీంట్ల అసలే తెరుచుకోనిది, ఒక్కటి పేరు చెప్పు." ఆలోచించి జీటీఏ 6 అన్నాడు. ఇప్పటిదాకా దాన్ని ప్రకటించింది పీఎస్5కీ, ఎక్స్‌బాక్స్‌కీ మాత్రమే. పీసీకి ఎప్పుడో ఇంకా చెప్పని ఆట కోసం బావ ఎండలో సంపాదించిన డబ్బు ఇవాళ పెట్టాల్సిన పనేముంది?

పైగా కొనడానికి ఇది మంచి కాలం కాదు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను మూటలు మూటలుగా ఎత్తుకుపోతున్నాయి. క్రూషియల్ పేరుతో మామూలు కొనుగోలుదారులకు ర్యామ్ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. అందుకని కొత్తది వద్దు, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ బజార్లో సెకండ్ హ్యాండ్ కడ్డీ వెతుకుదామన్నాను. కామారెడ్డిలో రైలెక్కితే పొద్దుగూకేలోపు తిరిగి రావచ్చు. పాత కడ్డీతో కలిసే స్పీడుదే తీసుకోవాలి, షాపులోనే పెట్టించి చూసుకోవాలి.

రేపెప్పుడైనా కార్డు మార్చినా ముందు చూడాల్సింది లోపలి భాగాలకు కరెంటు పంచే డబ్బాను, అంటే ఎస్ఎంపీఎస్‌ను. ఊర్లో మోటర్లన్నీ ఒక్కసారి ఆన్ అయితే బల్బులు మినుకుమనే కరెంటు మనది. ఎనిమిదేళ్ల చవక ఎస్ఎంపీఎస్‌కు పెద్ద కార్డు తగిలిస్తే, పోయేటప్పుడు అది ఒక్కటే పోతుందన్న నమ్మకం లేదు.

సీపీయూని నేల మీంచి తీసి కిటికీ పక్కన స్టూలు మీద పెట్టాం. అక్క తన చాట, ఆకు కట్టలు తీసుకుని వరండాలోకి మారింది. రాత్రి బావ వీడియో కాల్ చేసి, 85 వేలు ఎప్పటిలోగా కావాలని అడిగాడు. వాడు ఫోను తిప్పి స్టూలు మీది మిషన్ను చూపించాడు.

"ఎనిమిది వేలు పంపు బాపూ. గంతే."