గృహశిక్షణము: కుక్కకు వెనుకకాళ్ల యెరుక



మహాప్రస్థానమున ధర్మరాజును విడువక నడచిన శునకము కథ మనమందరము ఎరిగినదే. అది వెనుక నడచెను గనుక చిక్కు లేదు. మనుష్యుని ప్రక్కన నడువవలసిన కుక్క సంగతి వేరు. ఆ భేదమును నేను గ్రహించుటకు మా అత్తగారు క్రింద పడవలసి వచ్చినది.

మా యింట రెండేండ్లుగా పెరుగుచున్న వీధికుక్క యొకటి కలదు. పేరు మల్లి. సాయంకాలము అత్తగారు చెరువుగట్టు మీదికి పోవునపుడు అది వారి యెడమప్రక్కన నడచును. వీధిమలుపున ఎడమకు తిరుగునపుడెల్ల దాని తల తిరుగునే గాని, వెనుకభాగము వారి పాదముల కడ్డముగా నిలిచిపోవుచుండెను. సంక్రాంతి వెళ్లిన వారమున అత్తగారు దానికి తగిలి పడిరి, మణికట్టు బెణికినది. నేను కోపము పట్టజాలక మల్లిని కొట్టితిని. దానిని ఎవరికైన నిచ్చివేయుదమని మావారును అనిరి. కట్టు కట్టించుకొనుచున్న అత్తగారు మాత్రము, “అది కావాలని చేయలేదే అమ్మాయీ! దానికి తెలియదు. కొడితే తెలుస్తుందా?” అనిరి.

ఆ మాట అక్షరాల నిజము. కుక్క తన దేహభారములో నూటికి సుమారు 60 వంతులు ముందుకాళ్లపైనే మోయును. చూపు, వాసన, నోరు అన్నియు ముందే యున్నవి. వెనుకకాళ్లు ముందుకాళ్ల ననుసరించి వచ్చును. వానిని వేరుగా ప్రక్కకు జరుపవలసిన పని దానికి అరుదు. మనము ఎడమకు తిరిగినపుడు, మన యెడమప్రక్క నున్న కుక్క తన వెనుకభాగమును కుడికి, అనగా మన వైపునకు, త్రిప్పుకొనవలెను. ఆ విద్య నేర్వని కుక్క దారికడ్డమగును. మనము దానిని మొండితన మందుము.

అట్లని కుక్కకు దేహస్పృహయే లేదని తలపరాదు. 2021లో బుడాపెస్టు పరిశోధకులు ప్రకటించిన యొక పరీక్షలో, కుక్కను చిన్న చాపపై నిలిపి, ఆ చాపకే కట్టిన వస్తువు నందిమ్మని యడిగిరి. తాను దిగనిదే వస్తువు రాదు. వస్తువును నేలకు కట్టినప్పటికంటె చాపకు కట్టినపుడే కుక్కలు త్వరగాను, తరచుగాను చాప దిగినవి. బీజ మున్నది, నీరు పోయుట మన వంతు.

దీనికి కావలసినది ఒక పాత పీట. ఎత్తు నాలుగంగుళములు, వెడల్పు కుక్క ముందుకాళ్లు రెండును పట్టునంత చాలును. జారకుండ దానిపై గోనెగుడ్డ బిగించి కట్టితిని. నున్నని బండలు విడిచి పెరటి మట్టినేలపై ఉంచితిని. బహుమానమునకు ఉడికిన చిలగడదుంపను శనగగింజలంత ముక్కలు చేసితిని. ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, చాక్లెట్టు కుక్కకు హాని చేయును గనుక అవి చేత పట్టరాదు.

మొదటి పాఠము: ముందుకాళ్లు పీటపై మోపగనే “భేష్” అని ముక్క నిచ్చుట. రెండవది: కుక్క కెదురుగా నిలిచి, మన మొక యడుగు ప్రక్కకు వేయుట. మన ముఖమును చూచుటకై అది పీటచుట్టు వెనుకకా లొక్కటి కదల్చినను వెంటనే మెచ్చుకొని ముక్క నీయవలెను. పూర్తి చుట్టు కోరరాదు. మూడవది: దాని కుడిభుజము ప్రక్కకు చేరి, మనము నిలిచినచోటనే కొంచెము కొంచెముగా ఎడమకు తిరుగుట. అవసరమైనచో ముక్కను దాని ముక్కుకు కొంచెము ఎడమగా చూపవలెను. తల ఎడమకు పోయిన, నడుము తనంతట మన వైపు వచ్చును.

ఇచ్చట నేను చేసిన తప్పు చెప్పెదను. తొందరపడి దాని నడుమును చేతితో నెట్టితిని. అది నా చేతికే యెదురు నెట్టి నిలిచెను. నెట్టుట మానిన నాడు తానే అడుగు వేసెను.

పూటకు మూడు నాలుగు నిమిషములు, దినమునకు రెండు పూటలు చాలును. పీటపై నిలుకడ కుదిరిన పిమ్మట దాని స్థానమున పలుచని పలక, తరువాత మడిచిన గోనె, తుదకు వట్టి నేల. నడుమ నడుమ నిచ్చెనను నేలపై పరచి, దాని మెట్ల సందులలో మెల్లగా నడిపించితిని. వెనుకపాదము నెచ్చట మోపవలెనో దానికి ఆలోచన పుట్టును. కుక్కపిల్లలచేత దూకించరాదు. వెనుకకాళ్లు రెండును జంటగా ఎగురవేయుచు నడచునది, తిరుగుటకు బాధపడునది యున్నచో, పాఠము మాని పశువైద్యునికి చూపవలెను. నొప్పిని అవిధేయత యనుకొనుట మరియొక అన్యాయము.

ఆరు వారములు గడచినవి. మొన్న సాయంకాలము అత్తగారు మరల మల్లితో బయలుదేరిరి. భయముచేత నేను వెనుక నడచితిని. మలుపు వచ్చినది. వారు ఎడమకు తిరిగిరి. మల్లి ముందుకాళ్లు ఆపి, వెనుకకాళ్లతో రెండడుగులు ప్రక్కకు వేసి, వారి చీర కుచ్చెళ్లకైన తగులక ప్రక్కనే చేరెను.

అత్తగారు నా వైపు చూచి, “చూచితివా! దానికి తెలిసినది” అనిరి. కొట్టిన సంగతి ఎత్తలేదు. ఎత్తకున్నను నాకు గుర్తున్నది. ఆ పీట యిప్పటికిని పెరటిలోనే యున్నది. వంటింటిలోనికి రానీయమని అత్తగారి యాజ్ఞ.