తెర వెడల్పెంత బాబూ?

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయంటే విజయవాడలో డీటీపీ సెంటర్లకు ఊపిరి సలపదు. ఏ ఉయ్యూరు నుంచో కంకిపాడు నుంచో వచ్చిన పెళ్లికూతురి తండ్రి కుర్చీ ముందుకు లాక్కుంటాడు. ఆపరేటర్ కుర్రాడు ల్యాప్‌టాప్‌ని ఆయన వైపు తిప్పుతాడు.

'అక్షరాలు మరీ చీమల్లా ఉన్నాయి బాబూ, కాస్త పెంచు.'

'నూటికి నూరు శాతం సైజులోనే చూపిస్తున్నానండీ. కార్డు ఇలాగే వస్తుంది.'

'ఆరంగుళాల కార్డన్నావు. ఇది నా అరచేతిలో ఇమిడిపోయేలా ఉంది!'

పెద్దాయన కన్ను మోసం చేయలేదు. కుర్రాడూ అబద్ధమాడలేదు. తిరకాసంతా ప్రోగ్రాముకీ తెరకీ మధ్య నడిచిన ప్రశ్నోత్తరాల్లో ఉంది.

తెరమీద విండో తెరిచే ప్రోగ్రాము సాధారణంగా మానిటర్‌తో నేరుగా మాట్లాడదు. మధ్యలో ఒక లైబ్రరీ ఉంటుంది. గింప్, ఇంక్‌స్కేప్ లాంటివాటికి ఆ మధ్యవర్తి జీటీకే. 'తెర ఎన్ని చుక్కల వెడల్పు?' అని అడిగితే జవాబు దాదాపు ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది. 'ఎన్ని మిల్లీమీటర్లు?' అంటేనే తంటా. మానిటర్ తన కొలతల్ని ఈడీఐడీ అనే జాతకంలో రాసుకుని పుడుతుంది. వెసా అనే ప్రమాణాల సంస్థ 1994లో తెచ్చిన పద్ధతి ఇది. అసలు జాతకం 128 బైట్లే. ప్రొజెక్టర్ అయితే కొలత గడిలో సున్నా ఉండొచ్చు. గోడ ఎంత దూరమో పాపం దానికేం తెలుసు! కొన్ని టీవీలైతే 16:9 నిష్పత్తినే కొలతగా చెప్పేస్తాయి. ఈ జాతకాలు నమ్మలేక చాలా ప్రోగ్రాములు అడగడమే మానేసి, అంగుళానికి 96 చుక్కలని అనేసుకుంటాయి.

ఇక లెక్క చూడండి. ఆరంగుళాల కార్డుకి 576 చుక్కలు. 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్‌లో నిజానికి అంగుళానికి 141 చుక్కలుంటాయి. సెట్టింగులు మార్చకపోతే కార్డు నాలుగంగుళాలకు కాస్త పైన ఆగిపోతుంది. 12 పాయింట్ల అక్షరానికి దక్కేది 16 చుక్కలు. కాగితంమీద 4.2 మిల్లీమీటర్లు ఉండాల్సింది ఇక్కడ మూడుకి లోపే. ఇంగ్లిష్ అక్షరం ఎలాగో బతికేస్తుంది. మనకి ఆ 16 చుక్కల్లోనే గుడి, అక్షరం, కింద వత్తు పట్టాలి. మహాలక్ష్మి పేరులో 'మ' వత్తు ఉందో ఊడిందో కళ్లద్దాలు పెట్టినా తేలదు.

కుర్రాడు మారుమాట్లాడకుండా 18 పాయింట్లు చేస్తాడు. 'ఇప్పుడు బాగుంది' అంటాడు పెద్దాయన. బాగుండటానికి చోటు కావాలిగా! 'ఆహ్వానించువారు' కింద చివరి రెండు వరుసలు పట్టవు. వాటిని తీసేస్తారు. ఆ వరుసల్లో మేనమామ పేరుంటే... కృష్ణా జిల్లా పెళ్లిలో అది చిన్న గొడవ కాదు. తీరా అచ్చయ్యాక చూస్తే అక్షరాలు సినిమా పోస్టరంత!

రెండో తెర తగిలిస్తే ఇంకో తమాషా. జీటీకేలో పాత పద్ధతి పక్కపక్కనున్న రెండు తెరల్నీ కలిపి ఒకటే వెడల్పు చెప్పేది. ఒక్కోటి 1920 అయితే జవాబు 3840. నమ్మి విండోని మధ్యలో పెడితే సగం ఇటు, సగం అటు. 2016లో వచ్చిన 3.22 వెర్షన్ నుంచి ఏ మానిటర్‌ని ఆ మానిటరే అడిగే వీలొచ్చింది. తయారీదారు, మోడల్, మిల్లీమీటర్లు, అన్నీ విడివిడిగా. 2020 డిసెంబరులో వచ్చిన జీటీకే 4లో పాతది పూర్తిగా ఎత్తేశారు. మిల్లీమీటర్లు మాత్రం ఇప్పటికీ ఆ జాతకం చెప్పాల్సిందే.

అందుకే గింప్, ఇంక్‌స్కేప్, స్క్రైబస్‌ల సెట్టింగుల్లో ఒక గీతల పట్టీ ఉంటుంది. స్కూలు పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు తెరకి ఆనించి, ఆ పట్టీతో సరిచూసుకోవాలి. ఆ తర్వాత నూరు శాతమంటే నూరు శాతమే. విండోని కస్టమర్ వైపున్న రెండో మానిటర్‌లోకి జరిపితే, అది వేరే సైజుదైతే, స్కేలు మళ్లీ తియ్యాల్సిందే. అంత ఓపిక లేదంటారా? ఒక ప్రూఫ్ ప్రింటు తీసి పెద్దాయన చేతిలో పెట్టండి, మేనమామ పేరు చెరిపేముందు!