బాల్యం కథలు చాలు, బడి లెక్క చెప్పండి

ఎన్నికల కరపత్రంలో ప్రతి నాయకుడికీ ఒక బాల్యం ఉంటుంది. కిరసనాయిలు బుడ్డి దగ్గర చదివాడంటారు, మైళ్లు నడిచి బడికెళ్లాడంటారు. ఉంటే ఉండొచ్చు. గెలిచాక ఏ జీవో వచ్చినప్పుడు ఏ కుర్చీలో ఉన్నాడో మాత్రం ఆ కరపత్రంలో ఉండదు. ఈ తేడా ఏమిటో గరివిడి మండలం రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు.

2022 ఏప్రిల్‌లో మన చీపురుపల్లి నియోజకవర్గం ఎమ్మెల్యే బొత్స సత్యనారాయణ గారు విద్యాశాఖ మంత్రి అయ్యారు. విజయనగరం మహారాజా కాలేజీలో చదువుకున్న మనిషి, మన జిల్లా మనిషి, మన బడుల గోడు తెలిసినవాడని ఆశపడ్డాం. జూన్‌లో జీవో 117 వచ్చింది. మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని ఊరి బడి నుంచి తీసి కిలోమీటరు లోపు హైస్కూల్లో కలపమంది. ఈ విలీనం ఆలోచన ఆయన కంటే ముందే మొదలైన మాట నిజమే. ఆపగలిగిన కుర్చీలో ఉన్నది మాత్రం ఆయనే. రాష్ట్రమంతా తల్లిదండ్రులు బడుల ముందు ధర్నాలు చేస్తుంటే, ఇది పిల్లల మంచికేనని సమర్థించిందీ ఆయన శాఖే.

కిలోమీటరు ఎంతో ఆఫీసు మ్యాపుకి తెలియదు. ఎనిమిదేళ్ల పిల్ల కాళ్లకు తెలుసు. మధ్యలో గెడ్డ ఉంటుంది, లారీలు తిరిగే రోడ్డు ఉంటుంది. ఉభాల రోజుల్లో తల్లి తెల్లారకముందే మడిలో దిగుతుంది. ఆ పిల్లని ఎవరు తీసుకెళ్లాలి? తల్లి తీసుకెళ్తే ఆ పూట కూలి పోతుంది. అక్క తీసుకెళ్తే అక్క చదువు పోతుంది. ఇక ఊళ్లో మిగిలిన ఒకటి, రెండు తరగతులకు ఒక్క టీచరు. ఆ టీచరు మీటింగుకు పోతే బడికి తాళం. అప్పుడు ఊళ్లోకి ప్రైవేటు బడి వ్యాను వస్తుంది. ఆ వ్యానుకీ ఫీజుకీ డబ్బు ఎక్కడిది? ధర వచ్చేదాకా ఆగకుండా కళ్లంలోనే దళారికి కొలిచిన ధాన్యానిది. బడి మూసిన లెక్క విద్యాశాఖ దగ్గర ఉంటుంది గానీ, అప్పు పుట్టిన లెక్క మన దగ్గరే ఉంటుంది. బడి గొడవ రైతు సంఘానికెందుకు అని అడిగేవాళ్లకు మా జవాబు ఇదే.

నేపథ్యం మాటే వస్తే, ఈ జిల్లాలో ఇంకో శాసనకర్తనీ చూశాం. పూసపాటి విజయరామ గజపతిరాజు, అందరికీ పీవీజీ రాజు. పుట్టుక రాజకుటుంబం, రాజకీయం సోషలిస్టు. 1952లోనే అసెంబ్లీకి వెళ్లారు, తర్వాత పార్లమెంటుకీ వెళ్లారు, రాష్ట్రంలో విద్యామంత్రిగానూ పనిచేశారు. 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టారు. విజయనగరం కోటనే చదువులకు విడిచిపెట్టారు. 1879 నాటి మహారాజా కాలేజీ కూడా ఆ ట్రస్టు కిందికే వచ్చింది. మన ఊళ్ల నుంచి ఆ కాలేజీకెళ్లి ఉద్యోగస్తులైన రైతు బిడ్డలు ఎందరో.

దీన్ని రాజుగారి దానం అని పాడుకోవడం మాకు ఇష్టం లేదు. ఆ కోట, ఆ భూములు ఎక్కడివి? మన తాతముత్తాతలు కట్టిన శిస్తులోంచి వచ్చినవే. ఆయన గొప్పతనం మా దృష్టిలో ఒక్కటే. రైతు దగ్గర వసూలైనదాన్ని రైతు బిడ్డ చదువుకు తిరిగి చేర్చారు. అందుకే 2020లో అదే ఎయిడెడ్ కాలేజీని ప్రైవేటు చేద్దామన్న ప్రతిపాదన లేచినప్పుడు విద్యార్థులు రోడ్డెక్కారు. వాళ్లు అడిగింది భిక్ష కాదు, పాత బాకీ.

ఇప్పుడున్నవాళ్లనీ వదలక్కర్లేదు. 2024లో ప్రభుత్వం మారింది, 16,347 పోస్టులతో డీఎస్సీ అన్నారు, నియామకాలూ చేశారు. 2025లో జీవో 117 పక్కకు పోయింది. మంచిదే, మెచ్చుకుందాం. కానీ అప్పటి అమ్మ ఒడి అయినా ఇప్పటి తల్లికి వందనం అయినా ప్రైవేటు బడి పిల్లలకీ వర్తించేవే. తల్లి ఖాతాలో పడే 13 వేలు ఎటు పోతున్నాయో వ్యాను డ్రైవరుని అడిగితే చెబుతాడు. సర్కారు సొమ్ముతో ప్రైవేటు బడి నిండుతుంటే, పిల్లలు లేరని సర్కారు బడిని తగ్గించడం ఏ రకం లెక్క? రంగులేసిన గోడలూ కొత్త బల్లలూ కాదనం, అవీ కావాలి. ఆ బల్లల ముందు నిలబడే టీచరు ముందు కావాలి.

బొత్స గారు ఇప్పుడు శాసనమండలిలో ప్రతిపక్ష నేత. మన ఎమ్మెల్యే కిమిడి కళా వెంకటరావు గారు. ఇద్దరికీ మనది ఒకటే ప్రశ్న. గరివిడి మండలంలో 2022కి ముందు ఐదో తరగతి దాకా ఉన్న బడులెన్ని, ఇప్పుడు ఎన్ని, ఎన్నింట్లో ఒక్క టీచరే ఉన్నారు? మండల విద్యాశాఖాధికారి దగ్గర ఈ జాబితా ఉండాలి, పేజీ దాటదు. యూనియన్ గ్రామ కమిటీలు ఈ నెలలోనే రాతపూర్వకంగా అడగండి. వచ్చిన జవాబు గ్రామసభలో పైకి చదివించండి. జవాబు ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెడదాం. దరఖాస్తు నమూనా కమిటీ కార్యదర్శుల దగ్గర దొరుకుతుంది.