జంటకు జంట కీల్‌ల పడవ

ముందుగా మాట సంగతి తేల్చుకుందాం. ఆంగ్లంలోని కీల్‌ను మన లిపిలో వ్రాసి చివర ఒక ఉకారం చేర్చామా, అది 'కీలు' అయి కూర్చుంటుంది. మన కీలు అంటే సంధి, అతుకు, కిటుకు. వారి కీల్ పడవ అడుగు నుండి నీటిలోకి దిగి ఉండే బరువైన రెక్క. తెరచాప మీద గాలి తోసినప్పుడు పడవ పక్కకు కొట్టుకుపోకుండా, బోర్లపడకుండా కాచేది అదే. తెరచాప కొయ్యకు అమరకోశం వారివర్గంలో కూపకమనీ గుణవృక్షకమనీ రెండు పేర్లున్నాయి. మన గోదావరి పడవ అడుగు బల్లపరుపు. దానికీ రెక్కతో పని లేదు కనుక మాటతోనూ పని లేకపోయింది. ఈ టపా పొడుగునా కీల్ అనే వ్రాస్తాను, భాషాభిమానులు మన్నింతురు గాక.

ముప్ఫైమూడేళ్ళు సంధులూ సమాసాలూ చెప్పుకున్నవాడికి పడవల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. మా అమ్మాయి, అల్లుడుగారు ఇంగ్లండులో బ్రిస్టల్ చానల్ ఒడ్డున కాపురముంటున్నారు. ఇద్దరూ తెరచాప నడపడం నేర్చుకున్నారు. ఇప్పుడు సొంత పడవ కొనాలని కోరిక. దాచుకున్న సొమ్మో, ఇంటి పైకప్పు మరమ్మతుకని తీసి ఉంచినది. కొంటే అది పోయినట్లే. నేను ఆరు నెలలు వారింట ఉండి, దొరికిన పుస్తకాలన్నీ చదివి, ప్రతి ఆదివారం ఏదో ఒక రేవులో తిరిగాను. ఆ తిరుగుళ్ళ వల్ల నాకొక అభిప్రాయం స్థిరపడింది: పరిమితమైన రాబడి గల దంపతులకు, ఆ తీరంలో, ఇరవయ్యారు అడుగుల పాత జంట కీల్‌ల పడవకు మించినది లేదు.

దీనికి మొదటి కారణం సముద్రమే. మన కోస్తాలో ఆటుకూ పోటుకూ నడుమ నీటిమట్టం తేడా సుమారు ఒకటిన్నర మీటరు. బ్రిస్టల్ చానల్ ఎగువ భాగంలో అమావాస్య పౌర్ణముల తరువాతి పెద్ద పోట్లకు ఆ తేడా 12 మీటర్లు దాటుతుంది. ప్రపంచంలోని అతిపెద్ద ఆటుపోట్లలో అదొకటి. పొద్దున మూడంతస్తుల ఎత్తు నీరున్న చోట మధ్యాహ్నానికి బురద. మైన్‌హెడ్, పోర్‌లాక్ వెయిర్ వంటి చిన్న రేవులు రోజుకు రెండుమార్లు పూర్తిగా ఎండిపోతాయి. ఒంటి కీల్ పడవ అక్కడ ఏమవుతుంది? నీరు దిగగానే పక్కకు ఒరిగిపోతుంది. పోటు తిరిగి వచ్చేటప్పుడు అది లేచేలోగా నీరు లోనికి రావచ్చు. పక్కలకు ఊతకర్రలు బిగించి నిలబెట్టవచ్చు గానీ, బురదలో ఒక కర్ర దిగబడితే ఆ రాత్రి నిద్ర ఉండదు. జంట కీల్‌ల పడవ మాత్రం రెండు కాళ్ళూ ఆన్చి గోవులా నిటారుగా నిలుస్తుంది. లోపల టీ కాచుకోవచ్చు.

ఎండే రేవులో పడవ కట్టుకోవడానికి ఏడాదికి వందల పౌన్లలో అయ్యేది, ఎప్పుడూ నీరు నిలిచివుండే మెరీనాలో వేలలో అవుతుంది. పడవను కొనేది ఒక్కసారే, కట్టుకోవలసింది ఏటేటా. నేను ఈ మాటను మా అల్లుడుగారితో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

ఈ పద్ధతికి చరిత్ర ఉంది. 1920లలోనే రాబర్ట్ బాల్ఫర్ అనే ఆయన, తరువాత లార్డ్ రివర్‌డేల్ అయినవారు, 'బ్లూబర్డ్' అనే పడవకు రెండు కీల్‌లు పెట్టి చూశారు. అది సామాన్యుల ఇంటికి చేరింది మాత్రం డెనిస్ రేనర్ వల్ల. ఆయన రెండవ ప్రపంచ యుద్ధంలో నౌకాదళ అధికారి, నవలాకారుడు కూడా ('ది ఎనిమీ బిలో' ఆయనదే, 1957లో చలనచిత్రంగా వచ్చింది). సాహిత్యకారుడు పడవల కార్ఖానా పెట్టడం నాకెందుకో ముచ్చటగా తోచింది. ఆయన 1963లో స్థాపించిన వెస్టర్లీ సంస్థ నుండి 1969లో 'సెంటార్' వచ్చింది. లారెంట్ జైల్స్ సంస్థవారి రూపకల్పన. 1980 వరకు రెండువేల నాలుగువందలకు పైగా తయారయ్యాయి. పొడవు 7.92 మీటర్లు, బరువు సుమారు మూడు టన్నులు, నీటిలోకి దిగే లోతు కేవలం 0.91 మీటరు. సంస్థ ఇప్పుడు లేదు, పడవలు ఉన్నాయి. నేటికీ కొన్ని వేల పౌన్లకు దొరుకుతాయి.

క్లబ్బుల్లోని పెద్దమనుషులు వీటిని చూసి పెదవి విరుస్తారు. గాలికి ఎదురుగా సాగడంలో మందమంటారు. నిజమే. ఒరిగి వెళ్ళేటప్పుడు గాలివైపు కీల్ అల మీద దబ్బున కొట్టుకుంటుందంటారు. అదీ నిజమే. కానీ ఒరిగినప్పుడు రెండవ కీల్ నిట్టనిలువుగా అయి, ఇంకా లోతుకు దిగి తన పని తాను చేస్తుందన్న సంగతి చెప్పరు. అయినా ఈ దంపతులు పందెం కట్టబోవడం లేదు. శనివారం బయలుదేరి ఆదివారం ఇంటికి చేరవలసినవారికి అరగంట ఆలస్యం ఒక లెక్కా?

ఇక పొడవు. ముప్ఫైరెండడుగులది కావాలని అల్లుడుగారి పట్టు. "మామయ్యగారూ, రెండు వేలు ఎక్కువ పెడితే ఎంత చోటు వస్తుందో చూడండి" అంటారు. చోటు వస్తుంది, కాదనను. దానితో పాటు బరువు దాదాపు రెట్టింపవుతుంది. తెరచాప, తాళ్ళు, అడుగు రంగు, కట్టు రుసుము అన్నీ పెరుగుతాయి. అంతకన్నా ముఖ్యమైనది నేను వారిద్దరినీ కూర్చోబెట్టి అడిగినది: మీలో ఒకరు నీటిలో పడితే రెండోవారు ఒంటరిగా పడవను ఆపి, మనిషిని పైకి లాగగలరా? మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "నాన్నగారూ, ఆ పెద్దదాన్ని నేనొక్కదాన్నీ ఆపలేను" అంది. నా దృష్టిలో పడవ కొలత అక్కడ నిర్ణయమైపోయింది. దంపతుల పడవ అంటే ఇద్దరు కలిసి నడిపేది కాదు. ఇద్దరిలో ఎవరైనా ఒక్కరే ఇంటికి తేగలిగేది. ప్రకటనల్లో 'అయిదుగురు పడుకోవచ్చు' అని వ్రాస్తారు. ఆ మాట పట్టించుకోనక్కరలేదు. లంగరు చేత్తో ఎత్తగలరా, చుక్కాని దగ్గరే కూర్చుని తెరచాప తాళ్ళు అందుకోగలరా అన్నవి చూడాలి.

కీలెరిగి వాత పెట్టమన్నారు పెద్దలు. ఇక్కడ అక్షరాలా కీల్‌ల కీళ్ళనే చూడాలి. సెంటార్ల ప్రసిద్ధమైన బలహీనత అదే. ఏళ్ళ తరబడి బురదలో దిగబడి, ఎగుడుదిగుడు నేల మీద కూర్చుని, రెండు కీల్‌లు పక్కలకు లాగబడుతుంటే, అవి అడుగుకు అతికే చోట ఫైబర్ గ్లాసు వంగి చీలికలు పడతాయి. చాలామంది యజమానులు లోపలి నుండి అడ్డుపట్టీలు వేయించి బలపరచారు. ఆ పని జరిగిందా, ఎవరు చేశారు, కాగితాలున్నాయా అని అడగాలి. నేల పలకలెత్తి కీల్ మరల చుట్టూ తుప్పు నీరు ఊరుతోందేమో చూడాలి. అడుగున నీటిబొబ్బలు కనిపిస్తే బెదరనక్కరలేదు. అవి ధర తగ్గించేవే గాని పడవను ముంచేవి అరుదు.

యంత్రం విషయంలో మాత్రం నేను కటువుగా ఉంటాను. యాభై ఏళ్ళ నాటి డీజిల్ యంత్రం ఇంకా ఆడుతోందంటే దానికి నమస్కరించి, పక్క పడవ చూడమంటాను. కొత్త యంత్రం తెప్పించి బిగించే ఖర్చు ఒక్కోసారి పడవ ధరనే మించిపోతుంది. కొయ్యను నిలిపే ఉక్కు తీగలు పదేళ్ళు దాటితే మార్చమని బీమావారు అడగడం పరిపాటి. అదీ చిన్న ఖర్చు కాదు. అందుచేత రెండు వేలకు వచ్చే శిథిలం కన్నా, వెనుకటి యజమాని యంత్రమూ తీగలూ మార్చి, విసిగి, ఏడెనిమిది వేలకు అమ్మజూపుతున్నదే చవక. ఆయన పెట్టిన డబ్బు ఆయనకు తిరిగి రాదు. ఈ బేరంలో కొంత నిర్దయ ఉన్నదని నాకు తెలుసు.

సెంటారే కావాలని నియమమేమీ లేదు. అదే సంస్థ తరువాత చేసిన గ్రిఫన్, కొంచెం పెద్దదైన కాన్సర్ట్, వేరొకరి శాడ్లర్ 26 కూడా జంట కీల్‌లతో దొరుకుతాయి. గాలికి ఎదురేగడంలో కొంత మెరుగు, ధరా ఆ మేరకు ఎక్కువ.

పడవల తనిఖీదారుకు ఇచ్చే రుసుము దండుగని అల్లుడుగారు మొదట అనుకున్నారు. పాత పడవకు ఆయన నివేదిక లేనిదే బీమా దొరకడం కష్టమని తెలిశాక మెత్తబడ్డారు. ప్రస్తుతం రెండు పడవలు వారి దృష్టిలో ఉన్నాయి. వసంతంలో కొనవద్దని, శరదృతువు చివరిదాకా ఆగమని చెప్పాను. అప్పుడు పడవను ఒడ్డుకెక్కించి చలికాలమంతా అద్దె కట్టడం ఇష్టంలేని యజమానులు ధర దగ్గర దిగివస్తారు.